రెండు కుర్చీల పరీక్ష

హనుమత్ప్రసాద్ మొండికేశాడు. పంజగుట్ట చౌరస్తాకు కాస్త అవతల ఆయన కట్టించిన నాలుగంతస్తుల చీరల షోరూముకు ఏసీ పనంతా శీతాంశు కంపెనీదే. మిషన్లు తిరుగుతున్నాయి. ఏ మూల ఎంత చల్లగా ఉందో, ఇప్పుడు కంపెనీ చూసుకుంటున్న వంశీకృష్ణ చేతిలోని ఫోనులో అంకెలతో సహా కనిపిస్తోంది. అయినా సరే, పని పూర్తయిందని ఆయన ఒప్పుకోడు.

"నీ ఫోను నీ దగ్గరే ఉంచుకో బాబూ. అమీర్‌పేటలో నా మొదటి కొట్టుకి ఏసీ పెట్టినప్పుడు మీ అమ్మగారూ మంగవ్వగారూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజు నుంచి నా వ్యాపారానికి తిరుగులేదు. ఆ తల్లులిద్దరూ వచ్చి కూర్చుని సరే అంటేనే నేను కొబ్బరికాయ కొట్టేది," అన్నాడు. వ్యాపారస్తుడి సెంటిమెంటు ముందు ఎంటెక్ చదువు ఏ మూలకు? వంశీకృష్ణ నోరు మూసుకుని ఇంటికొచ్చాడు.

అమీర్‌పేటలోని ఇంట్లో వాళ్ళమ్మ దుర్గాంబ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. కొడుకు సంగతంతా చెప్పాడు. "రమ్మంటే వస్తాను, నాదేముంది," అంది ఆవిడ పైకి. లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఉగాది నుంచి మంగవ్వ ఆవిడతో మాట్లాడటం లేదు. ఫోను చేస్తే ఎత్తదు. కబురు పంపితే జవాబు రాదు. ఇక ఈ జన్మకింతేనేమో అని దుర్గాంబ రాత్రిళ్ళు దిగులుపడుతోంది.

ఈ కుర్చీలేమిటో, మంగవ్వెవరో, ఇద్దరికీ ఎక్కడ చెడిందో తెలియాలంటే శీతాంశు చరిత్ర చెప్పుకోవాలి. భయపడకండి, పెద్ద చరిత్రేం కాదు. పెద్దది కావాలంటే కంపెనీ వాళ్ళే నున్నటి కాగితం మీద రంగుల్లో పుస్తకం వేయించారు. అసలు గొడవ వచ్చింది దాని వల్లే.

తణుకు నుంచి వచ్చిన రామ్మోహనరావుకు ఫ్రిజ్‌లు బాగుచేయడం వచ్చు. జనగామ వైపు నుంచి వచ్చిన రాజనర్సయ్యకు కరెంటు పని వచ్చు. మైత్రీవనం వెనక సందులో ఒకే మేడమెట్ల కింది జాగాను ఇద్దరూ చెరి సగం అద్దెకు తీసుకున్నారు. కొన్నాళ్ళు ఎవరి సగంలో వాళ్ళు ఈగలు తోలుకున్నాక, ఎలాగూ తోలేదే కదా కలిసి తోలుదామని ఒక్క బోర్డు కట్టారు. శీతాంశు అనే పేరు రామ్మోహనరావు పెట్టాడు. చంద్రుడని అర్థం. "చంద్రుడైతేంది, సూర్యుడైతేంది, పని రావాలె," అన్నాడు రాజనర్సయ్య.

పని వచ్చింది. అప్పుడప్పుడే అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఆ గదుల్లో ముందు వరసలో కూర్చున్నవాడు స్వెటరు తెచ్చుకునేవాడు, వెనక వరసలోవాడు నోట్సుతో విసురుకునేవాడు. గదంతా ఒక్క తీరుగా చల్లబరుస్తామని మనవాళ్ళు ఒక సెంటరు పని ఒప్పుకున్నారు. గొట్టాలు వేశారు, గాలి పంపారు, అంతా బాగానే చేశారు. ఇక అప్పగించే రోజున చల్లదనం కొలిచి చూపించాలి. కొలిచే పరికరం బొంబాయి నుంచి తెప్పించుకున్నారు. కంపెనీకి ఉన్న ఆస్తల్లా అదే. వస్తూ వస్తూ ఆటోలో రాజనర్సయ్య దాని మీదే కూర్చున్నాడు.

"కొలిచి చూపించందే నేనెలా నమ్మేది?" అని సెంటరు యజమాని గొడవకు దిగాడు. సరిగ్గా అప్పుడే ఇద్దరి ఇల్లాళ్ళూ మధ్యాహ్నం క్యారేజీలు పట్టుకుని వచ్చారు. రామ్మోహనరావు భార్య దుర్గాంబకు ఎప్పుడూ ఉక్కే. మాఘమాసంలో కూడా చేతిలో విసనకర్ర ఉండాలి. రాజనర్సయ్య భార్య మంగవ్వకు ఎప్పుడూ చలే. రోహిణికార్తెలో కూడా కొంగు భుజాల నిండా కప్పుకునే ఉంటుంది. వేరే దారి తోచక మొగుళ్ళిద్దరూ గది నడుమ రెండు కుర్చీలు వేసి వాళ్ళను కూర్చోబెట్టారు. "ఉక్కపోస్తోందండీ," అని దుర్గాంబ అంటే ఒక మర తిప్పారు. "సలి వెడ్తుంది," అని మంగవ్వ అంటే ఇంకో మర తిప్పారు. అలా తిప్పగా తిప్పగా, ఒక దశలో ఆడవాళ్ళిద్దరూ ఏసీని వదిలేసి ఎదురింటి అత్తాకోడళ్ళ మీద పడ్డారు. ఇక ఎంతసేపు చూసినా గాలి ఊసెత్తరు. యజమానికి నవ్వొచ్చింది. ఈ ఇద్దరికీ కుదిరిందంటే ఊరందరికీ కుదిరినట్టే అని ఒప్పుకున్నాడు.

కంపెనీకి అదే ఆచారమైపోయింది. గాలి సరిగ్గా ఉంటే గాలి సంగతి ఎవరికీ గుర్తురాదు, గుర్తొచ్చిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. అంతే సూత్రం. తరవాత మంచి మంచి మీటర్లు వచ్చాయి, వాటితోనూ కొలిచేవారు. అయినా ఏ భవనం అప్పగించినా ఆఖర్న రెండు కుర్చీలు, ఫ్లాస్కుతో టీ, దుర్గాంబా మంగవ్వా ఉండాల్సిందే. సోమాజిగూడలో ఆస్పత్రులకు వెళ్ళారు, బేగంపేటలో హోటళ్ళకు వెళ్ళారు. శ్రీనగర్ కాలనీలో ఒక డబ్బింగ్ థియేటర్‌లో గుసగుసగా మాట్లాడుకోమన్నారు. వీళ్ళ గుసగుస గాజుగోడ దాటి హీరోగారి డైలాగు పక్కన రికార్డయింది. ఒక నగల కొట్టు యజమాని మాత్రం కాస్త చలి ఎక్కువే ఉంచమని బతిమాలాడు, వణుకు పుడితే మగవాళ్ళు బేరమాడకుండా బిల్లు కట్టేస్తారని. "పాపం తగుల్తది సేటూ," అని మంగవ్వ ఒప్పుకోలేదు.

ఈ ఉగాదికి కంపెనీ వార్షికోత్సవం వచ్చింది. వంశీకృష్ణ కంపెనీ చరిత్రను పుస్తకంగా వేయించాడు. రెండు కుర్చీల ఫోటో పాతదొకటి దొరికింది. పేజీలో పట్టడం లేదని అచ్చు వేసేవాడు ఒక పక్క కత్తిరించాడు. దుర్గాంబ మొత్తం మిగిలింది. మంగవ్వది ఒక మోచెయ్యి, దాని కింద ఆకుపచ్చ గాజులు మిగిలాయి. 'శీతాంశు తొలి థర్మామీటరు శ్రీమతి దుర్గాంబ' అని కింద రాశారు. అచ్చుకు పోయే ముందు ఆ పేజీ దుర్గాంబకు చూపించారు కూడా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. "ముక్కు బాగా వచ్చింది," అంది.

బేగంపేట హోటల్లో సభ జరిగింది. మంగవ్వ పుస్తకం తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఆ ఫోటో దగ్గర ఆగింది. "నా మోచెయ్యి మస్తుగొచ్చింది," అని లేచి, విస్తరి ముట్టకుండా వెళ్ళిపోయింది.

దుర్గాంబ ఊరికే కూర్చోలేదు. ఈ ఏటి కొత్త ఆవకాయ మొదటి సీసా, కంపెనీలో పాత మెకానిక్ సారయ్య చేతికిచ్చి మేడ్చల్ పంపింది. రాజనర్సయ్య దంపతులు ఇప్పుడుండేది అక్కడే. సీసా తిరిగొచ్చింది. శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా వచ్చింది. ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిప్పి పంపరు కదా, కనీసం చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. మంగవ్వయితే సకినాలో గారెలో మూత పట్టనంత నింపి పంపే మనిషి. ఆ ఖాళీ సీసాను చూసి దుర్గాంబ వంటింట్లో కూలబడి ఏడ్చింది. సీసా ఖాళీగా వచ్చినందుకు ఆవిడ ఎందుకు ఏడుస్తోందో రామ్మోహనరావుకు అర్థం కాలేదు. "ఆవకాయ అయిపోయిందనేగా, సంతోషించక!" అన్నాడు. మగవాళ్ళకు కొన్ని చెప్పినా ఎక్కవు.

పైగా ఇకనుంచి పరీక్షలన్నీ యంత్రాలే చేస్తాయని ఆ పుస్తకం ఆఖరి పేజీలో రాసి ఉంది. కుర్చీలను గోడౌనులో పడేశారు. మేడ్చల్‌కీ అమీర్‌పేటకీ మధ్య ఇన్నాళ్ళూ రాకపోకలు నడిపింది ఆ కుర్చీలే. అవి లేకపోతే ఇద్దరు పెద్దవాళ్ళకు కలుసుకునే సాకేముంటుంది? హనుమత్ప్రసాద్ మొండితనం పుణ్యమా అని ఇంకొక్కసారి మంగవ్వ పక్కన కూర్చునే యోగం పట్టింది. ఆ ఒక్కసారిలో ఆమె నోరు విప్పించగలిగితే సరే, లేకపోతే ఇదే ఆఖరు అని దుర్గాంబకు స్పష్టంగా తెలుసు.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కదా, పై అంతస్తు ఒక్కటి చూస్తే చాలన్నాడు వంశీకృష్ణ. ఇంకా చీరలు సర్దని ఖాళీ హాలు, పడమటి వైపు గోడంతా అద్దాలు, నడుమ రెండు కుర్చీలు. దుర్గాంబ ముందే వచ్చి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాజనర్సయ్య మంగవ్వను లిఫ్టులో తెచ్చి దింపాడు. ఎప్పుడూ "అక్కా!" అని వీధి చివర నుంచే పిలిచే మంగవ్వ, రెండు చేతులూ జోడించింది.

"నమస్తే దుర్గాంబ గారూ."

ఆ 'గారు' దుర్గాంబకు చెంపదెబ్బలా తగిలింది. మంగవ్వ తన కుర్చీని ఒక మూరెడు పక్కకు జరుపుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని, అద్దాల వైపు తిరిగి కూర్చుంది. యజమాని, వంశీకృష్ణ కింది అంతస్తుకు దిగారు. పరీక్ష జరిగేటప్పుడు వేరేవాళ్ళు ఉండకూడదన్నది నియమం. సారయ్య మాత్రం ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడ్డాడు, ఉక్కన్నా చలన్నా మర తిప్పడానికి.

"చలిగా ఉందేమో?" అని దుర్గాంబ కదిపి చూసింది. మంగవ్వ పలకలేదు. "మోకాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగింది. దానికీ పలకలేదు. "మనవరాలు నడుస్తోందా?" అంది. మంగవ్వ పెదవులు ఒక్క క్షణం కదిలాయి గానీ, మనవరాలి మీద ప్రేమ కన్నా కోపమే గెలిచింది. సారయ్య కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి, అక్కడి నుంచి తప్పుకున్నాడు.

ఇక చేసేది లేక దుర్గాంబ ఫ్లాస్కు మూత తీసింది. గ్లాసులో టీ పోసి అందించింది. "పంచదార తక్కువే వేశాను, నీకిష్టమైనట్టు."

"మీరెందుకు పోస్తున్రు? థర్మామీటర్లు చాయ్ పోస్తయా? మాలాంటి మోచేతులు పొయ్యాలె గానీ."

దుర్గాంబకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిట్టయితేనేం, నోరు తెరిచింది, అదే చాలనుకుంది.

"కత్తిరించింది నేను కాదే మంగా. అచ్చువాడు."

"గది నాకెర్కనే. నీ కొడుకు వందసార్లు ఫోన్ జేసి చెప్పిండు. అచ్చేసినోడు నన్ను ఎన్నడన్న జూసిండా? ఆని మీద నాకేం కోపం? నిన్నడుగుతున్న నేను. ఆ కాయితం నీకు జూపిచ్చిన్రా లేదా?"

"చూపించారు."

"నువ్వు జూసినవా?"

"చూశాను."

"ఎంతసేపు జూసినవ్?"

ఒక చిన్న అబద్ధమాడేద్దామా అనుకుంది దుర్గాంబ. నోరు రాలేదు. "చాలాసేపే చూశాను."

"మరి నేను లేనట్టు నీకు కనబడలే?" మంగవ్వ కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది. "అందరికీ కనబడకపోనీ. నీకు సుత కనబడలే?"

దుర్గాంబ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ అచ్చువాడిని తిట్టుకుంది, కొడుకును తిట్టింది, ఖాళీ సీసాను చూసి ఏడ్చింది. ఈ ప్రశ్న మాత్రం తనను తాను ఒక్కసారీ వేసుకోలేదు. సిగ్గుతో తల వంగిపోయింది.

"కనబడలేదే. నా ముక్కు చూసుకుంటూ కూర్చున్నాను, మాయదారి ముక్కు! నువ్వు పక్కనున్నావో లేదో చూడాలని తట్టనే లేదు. ఎప్పుడూ ఉంటావు కదా. ఉన్నావా అని తిరిగి చూసుకునే అవసరం నాకెప్పుడొచ్చింది చెప్పు? హోటల్లో నువ్వు లేచి వెళ్ళిపోయాక తెలిసింది, పక్క ఖాళీ అయితే ఎలా ఉంటుందో. మనమే అంటాంగా, గాలి బాగుంటే గాలి గుర్తుకు రాదని."

మంగవ్వ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, కుర్చీ ఇటు తిప్పింది. "అంటే నేను గాలినా?"

"మరి? ఏసీ గాలివి."

"గీ ముక్క చెప్పనీకి గిన్ని దినాలు పట్టిందా అక్కా నీకు?"

"ఫోనెత్తితే కదా చెప్పడానికి!"

"ఇంటికి రావొద్దా? మేడ్చల్ ఏమన్న లండన్‌ల ఉన్నదా?"

"సీసా ఖాళీగా పంపాక ఏ మొహం పెట్టుకుని రానూ?"

"పంపనా మరి? ఆవకాయల ఉప్పెక్కువైంది."

"ఉప్పెక్కువా?" దుర్గాంబ కుర్చీలోంచి సగం లేచింది. "నా ఆవకాయలోనా?"

"మరి నా ఆవకాయలనా? మస్తు ఎక్కువైంది. అయినా గీకి గీకి తిన్న, అది వేరే ముచ్చట."

అక్కడి నుంచి ఉప్పు మీద వాదన, ఉప్పు మీంచి ఇద్దరి మొగుళ్ళ బీపీ మీదికి, బీపీ మీంచి డాక్టర్ల మీదికి, డాక్టర్ల మీంచి సోమాజిగూడలో వాళ్ళు ఎప్పుడో కూర్చున్న ఆస్పత్రి నర్సు ప్రేమపెళ్ళి మీదికి పోయింది. కోపంతో అరుచుకున్నారు, మధ్యలో ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఏడ్చారు, ఏడుస్తూ ఏడుస్తూ మనవరాలు మొదటి అడుగు వేయబోయి పిల్లి మీద పడ్డ సంగతి చెప్పుకుని పగలబడి నవ్వారు. నెలల తరబడి దాచుకున్న కబుర్లు, ఒకటి అయ్యేలోగా ఇంకొకటి తోసుకొచ్చింది. ఎప్పుడు ఎండ అద్దాల్లోంచి లోపలికి వచ్చి కుర్చీల మీద పడిందో ఎవరూ చూసుకోలేదు.

తలుపు తెరుచుకుని హనుమత్ప్రసాద్ వచ్చాడు, వెనకే వంశీకృష్ణ. లోపల అడుగు పెట్టారో లేదో ఇద్దరికీ ముఖాన చెమట పట్టింది.

"ఎలా ఉందమ్మా గాలి?"

దుర్గాంబా మంగవ్వా మొహమొహాలు చూసుకున్నారు. "గాలా? ఆ సంగతే మరిచిపోయాం బాబూ," అంది దుర్గాంబ.

"అదీ! నాకు కావలసింది అదీ! గాలి మరిచిపోయారంటే పాసైనట్టే కదా!" హనుమత్ప్రసాద్ జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూనే కొబ్బరికాయ తెమ్మని కింది అంతస్తుకు కేకేశాడు. సెంటిమెంటు నెరవేరాక చెమట ఒక లెక్కా?

వంశీకృష్ణ ఫోను చూసుకుని బిత్తరపోయాడు. అంకెలన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. "అమ్మా, ముప్పై ఆరు దాటింది ఇక్కడ! మిషన్ ఆగిపోయింది!"

"ఆగలే సారూ, నేనే బంద్ జేసిన," అన్నాడు సారయ్య తలుపు చాటు నుంచి. రాజనర్సయ్యతో కలిసి చాయ్ తాగి అప్పుడే వచ్చాడు. "అమ్మలు ఎడమొకం పెడమొకం వెట్టుకొని కూసున్రు. ఇయ్యాల టెస్టు కాదు, ఉత్తగ కరెంటు ఎందుకు కాలవెట్టాలె అనుకున్న."

దుర్గాంబ తనను తాను చూసుకుంది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మంగవ్వ వైపు చూసింది. ఆమె కుంకుమబొట్టు కరిగి ముక్కు చివరిదాకా కారింది. మండువేసవిలోనూ భుజం దిగని ఆ కొంగు జారి ఒళ్ళో కుప్పగా పడి ఉంది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నవ్వుతూ నవ్వుతూ దుర్గాంబ ఆగింది. ఇంత ఉక్కలో తనకు, అసలే ఉక్క పడని తనకు, చీమ కుట్టినట్టయినా లేదు. మరి ఆ ఆస్పత్రులు, ఆ హోటళ్ళు, ఆ థియేటర్? వాటిలో గాలి నిజంగానే బాగుందా, లేక ఈవిడ పక్కన ఉన్నందుకు బాగుందా? మీటర్లతో కూడా కొలిచారు గనక బతికిపోయాం అనుకుంది. గుండె మాత్రం ఒక్కసారి నిండిపోయింది.

వంశీకృష్ణ ఆవిడ చెవి దగ్గర వంగాడు. "పాసే అనెయ్యమ్మా. ఆయన సంతోషంగా ఉన్నాడు. మిషన్ వేస్తే క్షణాల్లో చల్లబడుతుంది. నా లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒట్టు."

కొడుకు లెక్క తప్పదని ఆవిడకూ తెలుసు. పాస్ అంటే చాలు, కొబ్బరికాయ పగులుతుంది. ఆ వెంటనే కుర్చీలు గోడౌనుకు పోతాయి. మంగవ్వ మేడ్చల్ పోతుంది.

"ఫెయిల్," అంది దుర్గాంబ గట్టిగా.

శీతాంశు చరిత్రలో ఎన్నడూ వినపడని మాట అది. కింది నుంచి అప్పుడే వచ్చిన కొబ్బరికాయను ఎత్తిన హనుమత్ప్రసాద్ చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఫెయిలా అమ్మా?"

"మిషన్ ఆపేసినా మాకు తెలియలేదంటే మేం చూసింది మీ గాలిని కాదు బాబూ. మీ దగ్గర అబద్ధం చెప్పకూడదు. ఈ పరీక్ష చెల్లదు. రేపు మళ్ళీ కూర్చోవాలి."

వంశీకృష్ణ తల పట్టుకున్నాడు. ఆఖరి ఆశగా మంగవ్వ వైపు తిరిగాడు. "అత్తా, నువ్వయినా చెప్పు. మళ్ళీ రేపు మేడ్చల్ నుంచి అంత దూరం ఎండలో పడి ఎలా వస్తావు?"

మంగవ్వ కొంగుతో ముక్కు మీది కుంకుమ తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"రేపొక్క దినం ఎట్ల సరిపోతది బిడ్డా? నాలుగంతస్తులున్నయ్ గదా. దినానికొక్కటి జూస్తం."